ఉత్తరానికి వేసిన బంతి

ఆ ఏడు జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం నా భర్త భోజనానికి చెంచా అడిగాడు.

మా ఇంట్లో చెంచాలు గాజు బీరువాలో ఉంటాయి. కొలంబో నుంచి క్రికెట్ బోర్డు వాళ్ళో, పత్రికల వాళ్ళో వచ్చినప్పుడు తీసి, కడిగి, మళ్ళీ లోపల పెడతాం. ఎర్రబియ్యం అన్నం, పుల్లటి చేపల కూర, కొబ్బరి సంబోలు పచ్చడి వడ్డించి ఉన్నాయి. నేను లేచి చెంచా తెచ్చి ఇచ్చాను. అతను దాన్ని ఎడమ చేత్తో అందుకుని కుడి చేతిలోకి మార్చుకున్నాడు. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకుని తినడం మొదలుపెట్టాడు.

మా అత్తయ్య ముద్ద కలుపుతున్నదల్లా ఆగింది.

"ఏం పుతా, ఇంగ్లండ్ రాణి భోజనానికి పిలిచిందా? ఇంట్లో సాధన చేస్తున్నావా?"

"హోటళ్ళలో అలవాటైపోయిందమ్మా."

"అలవాటైతే మంచిదే. చేపముల్లు గుచ్చుకుంటే కూడా చెంచాతోనే తీసుకో."

మా అమ్మాయి ఉదారి కిసుక్కున నవ్వింది. దానికప్పుడు పదకొండేళ్ళు. అత్తయ్య ఇంకోసారి కొడుకు చేతి వైపు చూసి, పళ్ళెంలోకి తల వంచేసింది. నేను గండం గడిచిందనుకున్నాను.

నా భర్త పేరు ఉపాలి హెట్టిగే. ఆఫ్ స్పిన్నర్. దేశం తరఫున అత్యధిక వికెట్లు రెండువందల పదహారు, అప్పటికి ఆ లెక్క వేరేవాళ్ళ పేరు మీద ఉంది. ఉపాలివి రెండువందల ఎనిమిది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో న్యూజిలాండ్ జట్టు వచ్చి మూడు టెస్టులు ఆడబోతోంది. తొమ్మిది వికెట్లు తీస్తే ఆ పేరు మారిపోతుంది. మా దొడందూవ ఊళ్ళో రొట్టెల బండివాడి దగ్గర నుంచి గుడిలో పువ్వులమ్మే ఆవిడ దాకా ఆ తొమ్మిది గురించే మాట్లాడుతున్నారు.

చెంచా అడగడానికి రెండు రోజుల ముందు మేమిద్దరం కొలంబోలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. జట్టు డాక్టరు దగ్గరికి కాదు. జట్టువాళ్ళకి వేలు వాచిందని మాత్రమే తెలుసు. స్పిన్నరుకి వేలు వాయడం చాకలికి చేతులు నానడంలాంటిదని వాళ్ళూ అంతగా పట్టించుకోలేదు. ఈ డాక్టరు వెలుగుతున్న పెట్టె మీద ఎక్స్‌రే పెట్టి, పెన్ను మొనతో చూపుడువేలి నడిమి కీలు చూపించాడు.

"మనిషికి ముప్పై ఆరు. ఈ వేలికి డెబ్బై. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండాల్సిన మెత్తన ఇక్కడ లేదు."

"ఇప్పుడే ఆపేస్తే?" నేనడిగాను.

"ఇప్పుడే ఆపేస్తే నొప్పి తగ్గుతుంది. పూర్తిగా కాకపోయినా వంగుతుంది. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే మెలితిప్పితే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు నేను చేయగలిగేది లోపల ఒక మేకు దింపడం. నొప్పి ఉండదు. వంగడమూ ఉండదు."

ఉపాలి తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, సముద్రం వైపు చూస్తూ అన్నాడు.

"తొమ్మిది, శ్రియానీ. మూడు టెస్టులు. ఆ తరవాత నువ్వేం చెప్తే అది."

"అమ్మకి?"

"అమ్మకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే బోర్డుకి తెలుస్తుంది."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమేమిటి, ఆ సాయంత్రం నుంచే అందులో చేయి కలిపాను. పొద్దున్నే గది తలుపు దగ్గరగా వేసి అతని చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. బూట్ల లేసులు నేనే కట్టేదాన్ని. ఐసు ముక్కల గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, ఆ గిన్నె మీద తువ్వాలు కప్పి, అత్తయ్య వచ్చే చప్పుడు వింటూ గుమ్మంలో నిలబడేదాన్ని.

*

గాల్‌లో మొదటి టెస్టు. మా ఊరి నుంచి బస్సులో అరగంట. కుటుంబాలకి పెవిలియన్‌లో కుర్చీలిచ్చారు. అత్తయ్య వాటిని పదమూడేళ్ళుగా ముట్టుకోలేదు.

"అక్కడ కూర్చుంటే నా కొడుకు కనిపించడు, ముందువాళ్ళ టోపీలు కనిపిస్తాయి," అని మైదానం పక్కనున్న పాత కోట వెడల్పాటి గోడ మీదికే మమ్మల్ని తీసుకెళ్ళేది. ఉపాలి చిన్నప్పుడు మ్యాచ్‌లు చూసింది కూడా అక్కణ్ణించే. గడ్డి మీద చాప పరిచి, అన్నం మూట పక్కన పెట్టుకుని, కొబ్బరిపీచు తెచ్చుకుని తొడ మీద తాడు పేనుతూ కూర్చునేది. ఆమె జీవితమంతా ఆ పనే. మడుగులో నానిన కొబ్బరి డొక్కలు కొట్టడం, పీచు తీయడం, పేనడం. చిన్నప్పుడు ఉపాలి ఆమెకు రాట్నం తిప్పేవాడు. అతని స్పిన్ అక్కణ్ణించే వచ్చిందని ఒక పత్రికలో రాశారు. ఆ విలేఖరి ఆ మాట అడిగినప్పుడు అత్తయ్య, "రాట్నం తిప్పితే బంతి తిరిగేట్టయితే ఈ వీధిలో ప్రతి ఆడదీ దేశానికి ఆడేది బాబూ," అంది. ఆ మాట మాత్రం వాళ్ళు వేయలేదు.

ఆ టెస్టులో ఉపాలికి అయిదు వికెట్లు పడ్డాయి. మొదటి ఇన్నింగ్స్‌లో మూడు, రెండో దాంట్లో రెండు. గోడ మీద డోళ్ళు, డాన్సులు. మా వీధిలో సైకిలు మీద చేపలమ్మే పియసేన నా పక్కన నిలబడి ప్రతి బంతికీ నాకే చెబుతున్నాడు.

"చూశావా చెల్లెమ్మా, ఎంత తిరిగిందో! తలుపు తెరిచినట్టు తిరిగింది!"

నేను బంతిని చూడటం లేదు. బంతి వేశాక అతనేం చేస్తున్నాడో చూస్తున్నాను. ప్రతి బంతికీ వెనక్కి నడుస్తూ కుడి చెయ్యి ఎడమ చంక కింద దోపుకుంటున్నాడు. గట్టిగా నొక్కిపట్టి, రెండడుగులు వేసి, బయటికి తీసి బంతి అందుకుంటున్నాడు. దూరం నుంచి చూస్తే అదొక ధీమాలా కనిపిస్తోంది.

టీ విరామంలో గోడ మీద పిల్లలు టెన్నిసు బంతితో ఆడుకుంటున్నారు. ఒకడు ఉపాలిలాగే చిన్న గెంతు గెంతి బంతి వేశాడు. వేసి, వెనక్కి తిరిగి, చెయ్యి చంక కింద పెట్టుకుని నడిచాడు. తరవాతివాడూ అంతే. ఒకమ్మాయి సరిగ్గా పెట్టుకోలేదని మిగతావాళ్ళు గోల చేశారు. "అలా కాదే, నొక్కి పెట్టుకోవాలి! ఉపాలి అన్న నొక్కి పెట్టుకుంటాడు!"

అత్తయ్య తాడు పేనడం ఆపి ఆ పిల్లల్ని చాలాసేపు చూసింది.

*

రెండో టెస్టు క్యాండీలో. మేం ఇంట్లో టీవీలో చూశాం. వీధంతా మా ముందుగదిలోనే ఉంది. రెండు రోజులు వేస్తే రెండు వికెట్లు. అందులో ఒకటి బౌండరీ దగ్గర క్యాచ్, ఆటగాడి తొందర వల్ల వచ్చింది. టీవీలో వ్యాఖ్యాత, "హెట్టిగే బంతిలో మునుపటి కొరుకు లేదు," అన్నాడు. ముందుగదిలో ఎవరో లేచి టీవీ గొంతు తగ్గించారు. టెస్టు అయిపోయిన మర్నాడు పొద్దున్న పియసేన గేటు దగ్గర చేపలు తూస్తూ మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, అన్నకి తిండి సరిగ్గా పెడుతున్నావా? బంతి రేవుకొచ్చిన పడవలా తిన్నగా వెళ్ళిపోతోంది."

లోపల్నించి అత్తయ్య కేకేసింది. "పియసేనా! నీ చేపలు తిన్నాకే వాడి బంతి తిరగడం మానేసింది. నిన్నటివి కాదు, ఇవాళ్టివి ఇవ్వు!"

పియసేన నవ్వుతూ వెళ్ళిపోయాడు. నేను నవ్వలేకపోయాను. పది గంటలకి క్యాండీ హోటలు నుంచి ఉపాలి ఫోను చేశాడు.

"వేలు మాట వినట్లేదు."

"వచ్చెయ్. ఇవాళే చెప్పేసి వచ్చెయ్."

"రెండే, శ్రియానీ. ఇంకో రెండే."

అతను పెట్టేశాక రిసీవరు చేతిలోనే పట్టుకుని నిల్చున్నాను. సెలెక్టరు రాజకరుణ గారి నంబరు గోడ మీది క్యాలెండరులో రాసి ఉంది. ఒక్క మాట చెబితే చాలు, మూడో టెస్టులో అతన్ని ఆడనివ్వరు. వేలు దక్కుతుంది. అతను మాత్రం జన్మలో నన్ను క్షమించడు. నాలుగంకెలు తిప్పాను. అయిదోది తిప్పుతుండగా అత్తయ్య లోపలికొచ్చింది. చటుక్కున పెట్టేశాను.

"ఎవరు?"

"రాంగ్ నంబరు."

"చేసింది నువ్వే కదే. రాంగ్ నంబరేమిటి?"

ఆమె రెట్టించలేదు. క్యాలెండరు వంక ఒకసారి చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

*

కొలంబోలో మూడో టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క వికెట్ పడింది. రెండువందల పదహారు. సమం. ఇక రెండో ఇన్నింగ్స్‌లో ఒక్కటి కావాలి. నాలుగో రోజంతా అది రాలేదు. అయిదో రోజు పొద్దున్న అతను వేలికి నొప్పి తెలియకుండా సూది వేయించుకున్నాడు. వేసింది ఎవరో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆరోజు నేను పెవిలియన్‌లో ఉన్నాను. ఒళ్ళో చేతిసంచి, దాని పట్టీ వేలికి చుట్టుకుని విప్పుతూ కూర్చున్నాను.

టీకి ముందు రెండో ఓవరు. కుడిచేతి ఆటగాడు. ఉపాలి నాలుగడుగులు వేసి, చిన్న గెంతు గెంతి బంతి వదిలాడు. ఆఫ్ స్టంపుకి కొంచెం బయట పడింది. అది లోపలికి తిరుగుతుందని ఆటగాడు బ్యాటు లోపలికి తెచ్చాడు. బంతి తిరగలేదు. తిన్నగా వెళ్ళి ఆఫ్ స్టంపు పైభాగానికి తగిలింది.

స్టేడియం పేలిపోయినట్టయింది. టపాకాయలు, ఈలలు. కెప్టెను పరిగెత్తుకొచ్చి అతన్ని నడుం పట్టుకుని పైకెత్తాడు. నా పక్కన ఎవరో ఆవిడ నన్ను కౌగిలించుకుని ఏడుస్తోంది. నేను మాత్రం అంతకు ముందు క్షణం చూశాను. స్టంపు పడగానే ఉపాలి స్టంపు వైపు చూడలేదు. తన చేతి వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం హోటలు గదిలో టీవీ అదే బంతిని మళ్ళీ మళ్ళీ చూపిస్తోంది. పక్కనుంచి, పైనుంచి, నెమ్మదిగా. "హెట్టిగే ఇన్నాళ్ళూ దాచుకున్న కొత్త ఆయుధం. తిరగని బంతి! పదమూడేళ్ళ అనుభవం ఒక్క బంతిలో." ఉపాలి మంచం అంచున కూర్చుని చూస్తున్నాడు. చెయ్యి ఐసులో ఉంది.

"నేను తిప్పాను," అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు.

"తిప్పాను, శ్రియానీ. ఎంత తిప్పగలనో అంతా తిప్పాను. అది తిరగలేదు."

కాసేపటికి అతనికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. అయిపోయింది కదా అన్న ధైర్యంతో నేను నవ్వాను. అతనెందుకు నవ్వాడో అప్పుడు ఆలోచించలేదు.

*

ఇంటికొచ్చాక పది రోజుల పాటు పూలదండలు, సన్మానాలు. గాల్‌లో ఒక బడిలో ఆటస్థలానికి అతని పేరు పెట్టారు. ఏ సందులో చూసినా పిల్లలు బంతి వేసి చెయ్యి చంకలో పెట్టుకుంటున్నారు. అతను ఇంకా చెంచాతోనే తింటున్నాడు. ఆపేస్తున్నానని ఎప్పుడు ప్రకటిస్తాడా అని నేను చూస్తున్నాను.

ఏప్రిల్ మొదటివారంలో రాజకరుణ గారు స్వయంగా ఇంటికొచ్చారు. చెంచాలు బయటికి తీశాను. ఆయన కొబ్బరి అప్పాలు మెచ్చుకుంటూ తిన్నారు.

"మేలో ఇంగ్లండ్ వెళ్తున్నాం. నీ వయసువాణ్ణి తీసుకెళ్ళొద్దని ఇద్దరన్నారు. ఆ కొత్త బంతి చూశాక నోళ్ళు మూసుకున్నారు. వచ్చేవారం మన కొత్త సంవత్సరం రోజు సాయంత్రానికి జట్టు పేర్లివ్వాలి. ఆరోజు ఫోను చేస్తా. ఊఁ అంటే చాలు."

ఉపాలి ఊఁ అనలేదు. ఊహూఁ అని కూడా అనలేదు. ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చాడు. నేను బావి దగ్గర కప్పులు కడుగుతున్నాను.

"నేనేం చెప్తే అదన్నావు."

"అన్నాను."

"మరి?"

అతను బావి గట్టు మీద కూర్చున్నాడు. వాచిన వేలిని రెండో చేత్తో పట్టుకుని, "ఆ వికెట్ నేను తీయలేదు," అన్నాడు.

"రెండువందల పదహారు తీశావు కదా!"

"అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? బడి గోడ మీద ఆ బంతి బొమ్మే వేశారు. రేపు ఉదారి పిల్లలకి కూడా దాన్నే చూపిస్తారు. అది నాది కాదు. అది ఈ వేలు చేసిన తప్పు. ఒక్కటంటే ఒక్కటి, నిజంగా తిప్పి తీసి మానేస్తాను."

"అది తిరగదు, ఉపాలి."

"నీకెలా తెలుసు?"

"పొద్దున నీ గుండీలు పెట్టేది నేను. నాకు తెలీదా?"

అతనికి ఆ మాట తగిలింది. లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న గుండీలు తనే పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను వంటింట్లో నిలబడి ఆ ఇరవై నిమిషాలూ విన్నాను.

*

మా సంవత్సరాది ఏప్రిల్ నడిమధ్యలో, పంచాంగం చెప్పిన గడియకి వస్తుంది. ఆ ఏడు పాత సంవత్సరం పొద్దున అయిదున్నరకి వెళ్ళిపోయింది. కొత్త పని మొదలుపెట్టే ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు దాటి పద్నాలుగు నిమిషాలకి. ఆ మధ్యలో పొయ్యి వెలిగించే గడియ వచ్చేదాకా ఏ పనీ చేయకూడని వేళ. వండకూడదు, ఊడ్వకూడదు, తినకూడదు. గుడికి వెళ్ళొచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చున్నాం. ఉదారి పుస్తకం తీస్తే అత్తయ్య లాక్కుని పెట్టేసింది.

ఎనిమిదింటికి ఫోను మోగింది. ఉపాలి లేవబోయాడు.

"మోగనీ," అంది అత్తయ్య. "ఈ వేళ ఇచ్చిన మాట నిలవదు."

"రాజకరుణ గారేమో అమ్మా."

"ఆయనకీ ఒక తల్లుంటే మళ్ళీ చేస్తాడు. కూర్చో."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. పాచి ఊడ్వని ముంగిట్లో మందారపూలు రాలి ఉన్నాయి. ఇంట్లో రోజూ ఎవరో ఒకరి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. కత్తి, చీపురు, పీచు, బంతి. ఆరోజు ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళో ఉన్నాయి. చూడటానికి అవే ఉన్నాయి.

అత్తయ్య చెయ్యి చాపి కొడుకు కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. చూపుడువేలి కీలు మీద బొటనవేలితో మెల్లగా నొక్కింది. అతను పళ్ళు బిగబట్టాడు.

"బిగుసుకుంటోంది," అంది.

కీలు మీంచి వేలు తీయకుండానే మళ్ళీ అంది.

"చెంచా అడిగిననాడే అనుకున్నా. ముప్పై ఏళ్ళు పీచు పేనినదాన్ని. ఇదిగో, నాది చూడు." తన చూపుడువేలు చూపించింది. అది కొక్కెంలా వంగి ఉంది, అలాగే ఉంటుంది. ఆమె తాడు పేనేటప్పుడు వందలసార్లు చూశాను. అదొక చేతి వంపనుకున్నాను తప్ప నొప్పి పుట్టిన చోటని ఎప్పుడూ తోచలేదు. "నాది వంగి బిగిసింది. నీది తిన్నగా బిగుస్తోంది. అంతే తేడా."

"తెలిసి ఎందుకడగలేదు అత్తయ్యా?" నేనడిగాను.

"మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒక్కటై నాకు అబద్ధాలు చెబుతుంటే, పోనీలే కాపురం బాగుంది అనుకున్నా."

ఉపాలి ఆమె ఒళ్ళోంచి చెయ్యి తీసుకోలేదు. అలాగే ఉంచి అడిగాడు. "ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"ఈ వేళ ఏమీ చెయ్యకూడదు పుతా. ఊరికే కూర్చో."

*

గడియ రాగానే కొత్త పొయ్యి రాజేశాం. కొత్తకుండలో పాలు పొంగాయి. ఊరంతా టపాకాయలు మోగాయి. పాలన్నం పొయ్యి మీద ఉడుకుతుండగా అందరం ముంగిట్లోకి వచ్చాం.

కొత్త సంవత్సరంలో మొదటి పని పంచాంగం చెప్పిన దిక్కుకి తిరిగి చేయాలి. ఉపాలి పని ఒక బంతి వేయడం. వెనక నిలబడి దాన్ని పట్టుకోవడం నా పని. పెళ్ళయినప్పట్నుంచీ అంతే. దిక్కు మారినప్పుడల్లా ముంగిట్లో మా పిచ్ కూడా తిరుగుతుంది. ఒక ఏడు బావి వైపు, ఒక ఏడు కోళ్ళగూడు వైపు. ఆ ఏడు ఉత్తరం. రైలుకట్ట వైపు కంచె ముందు మూడు పోక పుల్లలు పాతి, నేను వాటి వెనక వంగి నిల్చున్నాను.

ఉదారి మెట్టు మీద ఉత్తరముఖంగా కూర్చుని, కొత్త పుస్తకంలో తన పేరు రాయడానికి సిద్ధంగా ఉంది. అత్తయ్య నడుముకి పీచు చుట్టుకుంది. రేడియోలో ముహూర్తం గంట కొట్టింది.

ఉపాలి నాలుగడుగులు వేసి గెంతాడు. అతని బంతి ఏ వేళ ఎటు తిరుగుతుందో నాకు చేతిని చూస్తేనే తెలుస్తుంది. మణికట్టు తిరిగింది. నా కుడివైపు పడి ఎడమకి వస్తుంది. నా చేతులు ముందే ఎడమకి వెళ్ళిపోయాయి.

బంతి రాలేదు. నా కుడి మోచెయ్యి పక్కనుంచి తిన్నగా వెళ్ళి కంచెకి తగిలింది.

పదమూడేళ్ళలో నేను వదిలేసిన మొదటి బంతి అది. వంగినట్టే ఉండి అతని వైపు చూశాను. అతని చెయ్యి చంక కింద ఉంది.

"ఇంకొక్కటి," అన్నాడు.

"ఏడాదికి ఒక్కటే," అంది అత్తయ్య. ఆమె అటు చూడనే లేదు. పీచు మెలిక వేస్తూ వెనక్కి వెనక్కి నడుస్తోంది.

"అమ్మా, చెయ్యి జారింది. ఇంకొక్కటి వేస్తా."

అతను నా వైపు తిరిగాడు. "జారింది కదూ?"

ఊఁ అంటే సరిపోయేది. మూడు నెలలుగా నేను అనని ఊఁ లేదు.

"లేదు," అన్నాను. "తిప్పావు. నేను తిరుగుతుందనే ఎడమకి వెళ్ళాను."

ఉదారి పరిగెత్తుకెళ్ళి కంచె దగ్గర బంతి తీసి తెచ్చింది. అతను దాన్ని ఎడమచేత్తో తీసుకుని, మట్టి తుడిచి, దారం కుట్టు మీద వేలు పెట్టబోయి ఊరుకున్నాడు. అప్పుడే లోపల ఫోను మోగింది. ఈసారి అత్తయ్య ఏమీ అనలేదు. అతను లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"కొత్త సంవత్సర శుభాకాంక్షలు సర్... తిన్నారా?... ఇంకా లేదు, వడ్డిస్తున్నారు... లేదు సర్." అటువైపు ఆయన చాలా మాట్లాడుతున్నట్టున్నారు. "ఆ బంతా? అది మళ్ళీ పడదు సర్. అది నేను వేసింది కాదు... అవును, మీరు నవ్వుతారనే తెలుసు. లేదు సర్. వేరే కుర్రాణ్ణి తీసుకెళ్ళండి."

నేను పోక పుల్లలు ఒక్కొక్కటే పీకాను. అత్తయ్య మూరెడు తాడు పూర్తిచేసి, ముడి వేసి, పళ్ళతో కొరికి తెంపింది.

*

దీపం ముందు చాప పరిచి కూర్చున్నాం. పాలన్నం, అరటిపళ్ళు, నూనెలో వేయించిన పిండివంటలు. మామయ్య పోయాక ఇంటి పెద్ద ఉపాలి. మొదటి ముద్ద అతనే అందరికీ నోట్లో పెట్టాలి. ఉదారి వచ్చి తండ్రి పళ్ళెం పక్కన చెంచా పెట్టింది. అది దానికి అలవాటైపోయింది. అతను ఆ చెంచా తీసి నా వైపు జరిపాడు. నేను దాన్ని తీసుకుని నా వెనక పెట్టేశాను.

అతను పాలన్నం తీయబోయాడు. ముద్ద జారిపోయింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ జారింది.

"ఆ వేలుని వదిలెయ్," అంది అత్తయ్య. "దాంతో పని లేదనుకో. మిగతా మూడూ, బొటనవేలూ. ఇలా." తన వంకరవేలిని పక్కకి నెట్టి చూపించింది. ఎన్నేళ్ళుగానో ఆమె అలాగే తింటోంది. నేను ఆరోజే చూశాను.

అతను ఆమె చూపించినట్టే పట్టాడు. ముద్ద నిలిచింది. మెల్లగా తల్లి నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. మిగతా వేళ్ళన్నీ ముడుచుకుని, చూపుడువేలొక్కటే నిటారుగా ఆమె ముఖం ముందు నిలబడింది.

ఉదారి చప్పట్లు కొట్టింది.

"నాన్న నాయనమ్మకి అవుట్ ఇచ్చాడు!"

అత్తయ్య నోటినిండా పాలన్నంతో నవ్వింది. ఉపాలి కూడా నవ్వాడు. నాకు ముద్ద పెట్టేటప్పుడు, ఉదారికి పెట్టేటప్పుడు కూడా ఆ వేలు అలాగే నిలబడి ఉంది. మేం ముగ్గురం ఒకరి తరవాత ఒకరం అవుటయ్యాం. అతను దాన్ని దించలేదు.